నీళ్లు పోసిన చెయ్యి

కార్ఖానా అనే పేటలో ఒక ట్రస్టు నడిపే యూనివర్సిటీ ఆసుపత్రి, మూడో అంతస్తు, డయాలసిస్ గది. కిటికీ పక్క మంచం మీద బాలమ్మ పడుకుని ఉంది; మంచానికీ కిటికీకీ మధ్య, మిషిన్ ఉండే చోటుకు అడ్డంగా పర్దా వేసి ఉంది. పద్మారావు నగర్‌లో పిండి గిర్ని నడిపే ఆమె భర్త బిక్షం గుడి నుంచి అప్పుడే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఇంకా మిషిన్ షురూ చెయ్యలేదా?”

“విభూతి తెచ్చినవా?”

“తెచ్చిన. నొసలు ఇటు తిప్పు. ఎందుకు షురూ చెయ్యలేదే? కాళ్లు చూడు ఎట్ల ఉబ్బినయో. పర్దా జరుపనా, జెర గాలొస్తది.”

“పర్దా గట్లనే ఉండనీ. అవతల కిటికీల కెల్లి ఎండ కొడ్తది. ఏం మొక్కినవ్ స్వామికి?”

“ఏం మొక్కుత. నువ్వు బాగుండాలె అని.”

“అంతేనా?”

“అంతే. రేపటి ముచ్చట సుత చెప్పుకున్న.”

“రేపేంది?”

“చెప్పిన గదనే. ఇన్‌కంటాక్స్ ఆఫీసర్ వస్తడు. వీళ్లకు పన్ను మాఫీ ఉంచాల్నా తీసెయ్యాల్నా అని చూసి పోతడు. రామ్మోహనరావు సార్ మళ్ల ఫోన్ చేసిండు. ఇక్కడి ఆఫీసంత ఆయన చేతిలనే గద, అయినా ఎంత మర్యాద. ‘బిక్షం గారూ, అమ్మగారికి మంచి చీర కట్టించండి. నాకు వైద్యం ఉచితమేనని ఆవిడ నోటితో ఒక్క మాట చెప్తే చాలండీ’ అన్నడు.”

“అబద్ధమేం కాదు. నాకు ఫుకట్‌కే చేస్తుండ్రు గద.”

“నేను సుత అదే అనుకున్న. అబద్ధం ఏమున్నది.”

“మరి పొద్దుగాల్నే గుడికెందుకు ఉరికినవ్?”

“మేబెల్ ఏడున్నది? నర్సు లేకుంటె ఎట్ల? ఉండు, పిలుచుకొస్త.”

“కూసో అయ్యా. పాపం ఆ పిల్లకు ఏం పని పడ్డదో. తలుపు మీద కొత్త బోర్డు చూసినవా?”

“చూసిన. ఉచిత ధర్మ వార్డు.”

“నిన్ననే కొట్టిండ్రంట. నేను ఈ మంచాలోళ్లను అందరిని అడిగిన. అందరు పైసలు కట్టెటోళ్లే. ఒకామె పుస్తెలు కుదువ పెట్టొచ్చింది.”

“నీకెందుకే ఊరోళ్ల ముచ్చట.”

“మరి ధర్మం ఏ మంచం మీదున్నదని.”

“గట్ల తవ్వకు బాలమ్మా. మనకు దొరికింది, సాలు. సర్కారు దవాఖానల తెల్లకార్డు అడిగిరి. గిర్ని ఉన్నదని మన కార్డు ఎప్పుడో కొట్టేసిరి. బయట చేపిస్తె ఆ గిర్ని అమ్మినా ఏడాది గడవదు. రేపొక్కనాడు నోరు మూసుకో, అయిపోతది. పన్ను పడ్తె ఉచితం బంద్ పెడ్తరంట. సార్ చెప్పిండు. ఇచ్చెటోళ్లు సుత ఇయ్యరంట. ఇస్తె వాళ్ల పన్నుల తగ్గుతదని గద పెద్ద పెద్దోళ్లు ఇచ్చేది.”

“తగ్గుతదని ఇస్తె అది దానమా?”

“ఎట్లిచ్చినా, చేతిల పడ్డంక దానమే.”

“మనం వీళ్లకు జాగ ఇచ్చినప్పుడు మనకేం తగ్గింది?”

“మనం తగ్గించుకుందమని ఇయ్యలే. ఆ ముచ్చట వేరు. అయినా ధర్మం మీద పన్నేందే? ఇయ్యాల దీనికేస్తరు, రేపు హుండీల పడ్డ రూపాయికి ఏస్తరు. పాపం కాదా?”

“కావొచ్చు. నాకంత తెల్వదు. హుండీల ఏసిన రూపాయితోని దేవుడు ఏడంతస్తులు కట్టి, ఫీజు కడ్తెనే దర్శనం అంటడా? మన గిర్ని కరెంటుకు పన్ను కడ్తం. నా గోలీలకు కడ్తం. ఇడ్లీ బండి విజయమ్మ గ్యాస్ బండకు సుత కట్టింది. వీళ్లెందుకు కట్టరు?”

“ధర్మం చేస్తరు గనుక.”

“ఏది?”

“ఇదే.”

“ఇదంటె?”

“నువ్వే. నువ్వే బాలమ్మా. ఈ ఒక్క మంచమే. ఇంక లేదు. సాలా?”

“సాలు. నాకు తెల్సు. నీ నోట్ల కెల్లి రావాలని అడిగిన.”

“నువ్వు పడిపోయిన నాడు వచ్చి వీళ్ల కాళ్లు పట్టుకున్న. ఇచ్చినదాన్ని మళ్ల అడగొద్దనుకున్నోణ్ని. జాగ వాపస్ ఇయ్యమనలే, ఒక్క మంచం ఇయ్యమన్న. ఇచ్చిండ్రు. ఎవలకు చెప్పకుమన్నరు.”

“నాకు సుత చెప్పలే.”

“చెప్తె నువ్వు ఎక్కవు ఈ మంచం.”

“ఎక్కెదాన్నే. ప్రాణం తీపి ఎవలకైనా. కానీ విజయమ్మకు ఫుకట్ అని చెప్పకపోయెదాన్ని. ఆమెకు గిట్లనే అయితె నేనే గద అన్నది. ‘పోవే, మా జామతోట జాగల కట్టిందే. అందరికి ఫుకట్‌కే చేస్తరు, నాకు చేస్తలేరా’ అని. బండి బంద్ పెట్టి దినాం గేటు కాడ కూసున్నది. వేరే తాన అడగలే. నా మాట పట్టుకొని కూసున్నది.”

“ఏం చేస్తం. ఎట్లున్నదో పాపం.”

“ఎట్లున్నదో నీకు తెల్వదా?”

“నాకెట్ల తెలుస్తది.”

“వాళ్ల పెద్దోడు గిర్నికి రాలేదా? దినానికి పిండి పట్టించుకపోలేదా?”

“ఎవలు చెప్పిండ్రు నీకు?”

“మేబెల్ చెప్పింది చచ్చిపోయిందని. పిండి సంగతి నా మనసు చెప్పింది. పద్మారావు నగర్‌ల ఎవలు పోయినా పిండి మన గిర్నికే గద వచ్చేది.”

“పైసలు తీసుకోలే బాలమ్మా. ఒట్టు. పట్టిచ్చి పంపిన. పిలగాడు ఏమన్న అడుగుతడేమోనని వాని మొకం దిక్కు చూడలే.”

“గా నాడు యాదికున్నదా నీకు? జాగ ఇచ్చిన నాడు.”

“ఎందుకిప్పుడు?”

“అప్పుడు ఈ దవాఖానంటె రెండు రేకుల రూములు, ఒక్క డాక్టరు. మంచోడాయన. వకీలు నీతోని ఏమన్నడు? పేదోళ్లకు ఇన్ని మంచాలు అని ఒక్క ముక్క రాపియ్యి అన్నడు. నువ్వేమన్నవ్?”

“షరతు పెడ్తె దానం కాదు, బేరమైతది అన్న. శాస్త్రం అదే చెప్తది. ఇప్పుడు సుత గదే అంట.”

“నేను సుత తల ఊపిన. మా ఆయన ఎంత గొప్పోడు అనుకున్న. నువ్వు దోసిలి పట్టినవ్, నేను చెంబుతోని నీళ్లు పోసిన, నీ చేతుల మీది కెల్లి తులసాకు జారి కింద పడ్డది. అయ్యగారు నీతోని ‘న మమ’ అనిపిచ్చిండు.”

“నాది కాదు అని. అనేసినంక అయిపోయింది. ఇంక అడిగే హక్కు లేదు మనకు.”

“నీకు లేదు. నాతోని అనిపియ్యలే.”

“ఏందీ?”

“ఆడోళ్లతోని అనిపియ్యరు. నీళ్లు పోసుడే మా పని. శానా దినాల సంది దీని మీదనే నా ఆలోచన. నాది కాదు అని నేను అనలే. గందుకే నేను అడగొచ్చు. తప్పైతె ఆ స్వామే చూసుకుంటడు.”

“ఎవల్ని అడుగుతవ్? ఆఫీసర్ ముందల గిట్ల మాట్లాడ్తవా? వద్దు. నీకు దండం పెడ్త. విజయమ్మ ఎట్లాగూ పోయింది, నువ్వు మాట్లాడ్తె లేచొస్తదా? రేపొక్కనాడు ఊకో. ఈ మిషిన్ లేకుంటె నువ్వు వారం దాటవే.”

“రేపు లేదయ్యా.”

“లేకపోవుడేంది?”

“పొద్దున్నే వచ్చిండు ఆ ఆఫీసర్. చెప్పకుండ వచ్చిండు. నువ్వు నన్ను ఇక్కడ పండబెట్టి గుడికి పోయినవ్ గద, అప్పుడు. నువ్వు కూసున్న స్టూలు మీదనే కూసున్నడు. చిన్నోడే. ‘అమ్మా, ఇక్కడ ఉచితంగా ఎంతమందికి చేస్తరు’ అని అడిగిండు.”

“బాలమ్మా.”

“ఒక్కదానికి అన్న. జాగ ఇచ్చినోని పెండ్లానికి అన్న. విజయమ్మ పేరు సుత చెప్పిన. రాసుకున్నడు.”

“రామ్మోహనరావు సార్ లేడా?”

“ఉన్నడు. బోర్డు కింద నిలబడ్డడు.”

“ఏమన్నడు?”

“ఆఫీసర్‌ను గేటు దాంక సాగనంపి, మేబెల్‌ను పిలిపిచ్చుకున్నడు.”

“నిన్నేం తిట్టలేదా? అయితె మంచిదే. మంచోడే ఆయన. నేను పోయి మాట్లాడ్త, ముసల్ది, జ్వరంల ఏదో అన్నది అని చెప్త. ముందుగాల మేబెల్‌ను పిలుస్త. మిషిన్ షురూ కానీ, తర్వాత అన్నీ...”

“మేబెల్ వచ్చి పోయింది, ఏడ్సుకుంట. ఇప్పుడు జరుపు ఆ పర్దా. పొద్దుగాల మిషిన్ ఉన్న తాన ఇప్పుడు కిటికీ ఒక్కటే ఉన్నది.”