అటకెక్కిన డాలియాలు

పొద్దున్నే పెరట్లో అత్తగారు, కొత్త కోడలు నిలబడ్డారు. వాళ్ళ మధ్య బాంబులు పడ్డట్టు గోతులు.

“డాలియా మొక్కలేవమ్మా?”

“దుంపలు తవ్వి అటక మీద దాచాను అత్తయ్యా. రాత్రి గాలి చల్లగా తగిలింది. గడ్డకట్టే మంచు పడితే కుళ్ళిపోతాయి కదా! మా కొండల్లో ఏటా ఇదే పని.”

“ఇక్కడ చలికాలమంటే ఫ్యాను కాస్త తగ్గించడమే తల్లీ! ఈ సముద్రపొడ్డు అలాంటి మంచు మొహమే చూళ్ళేదు. మాకు ఏడాదంతా పూలే.”

“అయ్యో! మామయ్యగారు చివరిసారి నాటినవని మీ అబ్బాయి చెప్పారు. అందుకే భయపడ్డాను. నేనే చంపేశానా?”

“ఏడవకు. దుంప బతికే ఉంటుంది, మళ్ళీ నాటుదాం. ఈ మట్టిలో చెప్పు పాతినా చిగురేస్తుంది. మీ మామయ్య గొడుగు గుచ్చి మర్చిపోతే కొమ్మలేసింది.”

“ఊరుకోండి అత్తయ్యా!”

“నవ్వావు కదా, ఇక దుంపలు దించు.”

“మీకు కోపం లేదా?”

“ఎందుకు లేదూ? ఆయన మొక్కలకు చలేస్తుందని నిద్ర మానుకున్నావు, నీ ఒంటి మీద శాలువా లేదు. ముందు నాది కప్పుకో.”

“ఇక్కడ చలే లేదన్నారుగా?”

“మొక్కలకు లేదన్నాను. కోడలికి లేదన్నానా?”