పదహారు గుండ్ల జెండా

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ సందు మొగలోని టీకొట్టులో మాత్రం వినేవాళ్ళే చెప్పేవాణ్ణి ఓ కంట కనిపెట్టుకుని ఉంటారు. చెప్పేది ఫిరంగి తాత. ఎదురుగా ఉన్న పాత సామాన్ల కొట్టు ఆయనదే. సిపాయిలు యుద్ధాల నుంచి ఇంటికి తెచ్చుకున్న టోపీలూ, పతకాలూ, జెండాలూ ఏ కాలానివో, ఏ దళానివో, ఎంత చేస్తాయో తేల్చడం ఆయన వృత్తి. పేలడమే తప్ప గురి చూడడం ఎరగని నోరు గనక ఫిరంగి అన్న పేరు అతికినట్టు సరిపోయింది.

ఆ సాయంత్రం బల్ల చివర కూర్చున్న దర్జీకి ఆయనతో పని పడింది. ఆమె ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో వాళ్ళ నాన్న యుద్ధం నుంచి తెచ్చిన శత్రువుల జెండా. కోట బురుజు మీంచి తన చేత్తో దించానని ఆయన బతికినన్నాళ్ళూ చెప్పాడు. పాతబట్టల అంగట్లో కొనుక్కొచ్చాడని వీధి వీధంతా బతికినన్నాళ్ళూ నవ్వింది. ఆయన పోయి ఆరు నెలలైంది. ఇప్పుడు మాజీ సైనికుల సంఘం వాళ్ళు తమ హాల్లో అద్దాల బీరువా పెడుతున్నారు. జెండా అసలైనదేనని ఫిరంగి తాత ఒక్క ముక్క రాసి సంతకం పెడితే, దాని కింద నాన్న పేరు రాసి అందులో పెడతామన్నారు. ఆ ముక్క లేకపోతే వీధి నవ్విందే నిజమైపోతుంది.

తాతేమో, "సంచి నా దగ్గర రెండ్రోజులు వదిలి వెళ్ళు" అంటాడు. అక్కడే దర్జీకి అనుమానం పీకింది. సైకిల్ షాపాయన వాళ్ళ పెదనాన్న జెండా కూడా అలాగే రెండ్రోజులు ఆ కొట్లో పడుకుని లేచింది. లేచాక ఎందుకోగానీ కాస్త వయసు తగ్గినట్టు కనబడిందట.

టీకొట్టు పిన్ని ఆమెకి గ్లాసు అందిస్తూ, సంచి వైపు చూసి కళ్ళెగరేసింది. దర్జీ సంచిని చంకలోకి లాక్కుంది. అది తాత చూడనే చూశాడు.

"నా మీద నమ్మకం లేదు అమ్మడికి" అన్నాడు, ఆమెకి కాకుండా టీ గ్లాసుకి చెబుతున్నట్టు. "తప్పులేదు, కాలం అలాంటిది. కానీ నేనెవర్నో తెలిసి అనుమానిస్తే అదో అందం. నా పడుచుతనంలో ఒకాయన దూరాన, అదిగో ఆ దీపస్తంభం దగ్గర నిలబడి జెండా విప్పాడు. ఇక్కణ్ణించే చెప్పా, ఆ ఎరుపు చెట్టు వేళ్ళ నుంచి తీసిన రంగు, ఆ నీలం సీసాలో కొన్న రంగు, యుద్ధం మొదటి ఏడాది కుట్టింది అని. ఆయన నోరు తెరిచాడు, మళ్ళీ మూయలేదు."

"పన్నునొప్పేమో" అన్నాడు పోస్టుమాన్. సంచీ దించి బల్ల మీద కాళ్ళు చాపుకున్న అతనికి ఆ పూటకి ఉత్తరాలన్నీ అయిపోయాయి.

"నువ్వు ఉత్తరాల పైన చిరునామా చదువుతావు అల్లుడూ, నేను లోపలి ఉత్తరం చదువుతా, అదీ తేడా. రంగుదేముంది, కళ్ళున్న ప్రతివాడూ చెబుతాడు. నేను వాసన పట్టేవాణ్ణి. జెండా ముక్కు దగ్గర పెట్టుకుంటే మందుగుండు ఏ ఊరి కర్మాగారానిదో తెలిసేది, ఆ పూట దళానికి వంటవాడు ఉల్లిపాయలు మాడ్చాడా లేదా అన్నది కూడా. ఓ సేనాధిపతి తెచ్చిన జెండా వాసన చూసి, అయ్యా, ఈ యుద్ధంలో మీరు వెనక వరసలో ఉన్నారు అన్నా. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బయటికి గెంటాడు" అంది పిన్ని.

"కొలువిస్తానన్నాడు. నేనే వద్దన్నా. ఎందుకంటే అప్పటికే వాసన కూడా నాకు చిన్నపనైపోయింది, నేను చెవి దాకా వచ్చేశా. జెండా ఇలా దులిపితే చాలు, ఏ గాలికి ఎగిరిందో వినబడేది. కొండగాలి ఒకలా, సముద్రపు గాలి ఒకలా. ఒక జెండా దులిపితే గుర్రం సకిలించింది. పక్కింటివాళ్ళు వచ్చి మీ ఇంట్లో గుర్రం ఎక్కడ కట్టారని వెతికారు."

పోస్టుమాన్ తన టీలోకి చూస్తూ, "గడ్డి కూడా తెచ్చారా వెతుకుతూ?" అన్నాడు.

దర్జీ నవ్వలేదు. తాత కథ చెబుతున్నంతసేపూ ఆయన నోటిని కాదు, చేతుల్ని చూస్తోంది. మాట మాటకీ ఆయన బల్ల మీద ఒక్కో జానెడు ఇటు జరుగుతున్నాడు. గుర్రం సకిలించేసరికి ఆయన మోకాలు సంచికి మూరెడు దూరంలోకి వచ్చేసింది.

"ఇవన్నీ ఇంకొకరి జెండాలు" అన్నాడు తాత. "మరి నా జెండా సంగతి? అసలు యుద్ధానికి నేను వెళ్ళలేదనుకుంటున్నారు మీరంతా. శత్రువుల కోట మీద జెండాకర్ర ఉండేది, దాని పొడుగు చెబితే నమ్మరని యాభై ఏళ్ళుగా సగమే చెబుతున్నా. మబ్బులు దాని దగ్గరికొచ్చి పక్కకి తప్పుకుని వెళ్ళేవి. దాన్ని దించేవాడెవడు అని సేనాధిపతి అడిగితే, పదివేల మంది ఒక్కసారిగా బూటు తాళ్ళు సరిచేసుకోవడం మొదలెట్టారు. నేను ఎక్కా. మూడు పగళ్ళు ఎక్కా. మధ్యలో ఆగి గడ్డం గీసుకున్నా. పైకెళ్ళేసరికి కింద యుద్ధం చీమల పెళ్ళిలా కనబడింది."

"గడ్డం గీసుకోవడానికి నీళ్ళో?" అంది పిన్ని.

"మబ్బులున్నాయని చెప్పానా లేదా? వినవమ్మా నువ్వు. అప్పుడు నన్ను చూశారు వాళ్ళు. పదహారు దిక్కుల నుంచి పదహారు తుపాకులు."

"దిక్కులు ఎనిమిదే కదా తాతా."

"నీకు పోస్టాఫీసు లెక్కలు అల్లుడూ, యుద్ధంలో దిక్కులు రెట్టింపవుతాయి. పదహారు గుండ్లూ ఒకేసారి వచ్చాయి. నేను పాములా మెలికలు తిరిగి పదహారింటినీ తప్పించుకున్నా, పాపం జెండాకి తప్పించుకోవడం రాదు, ఎగురుతున్న జెండాకి పదహారూ తగిలాయి. తర్వాత దాని నాలుగు కొసలూ పట్టుకుని దూకా. గాలి నింపుకుని అది నన్ను రెండు నదులు దాటించి, మా ఇంటి పెరట్లో దింపింది. పొయ్యి మీద పెట్టి వెళ్ళిన పాలు అప్పుడే పొంగుతున్నాయి."

"మూడు పగళ్ళ పాలు" అన్నాడు పోస్టుమాన్ మెల్లగా.

తాత ఆ మాటని ఈగలా తోలేసి, కాళ్ళ దగ్గరున్న కాగితం చుట్ట తీశాడు. కావాలనే ఆ రోజు వెంట తెచ్చుకున్నాడని దర్జీకి అర్థమైంది. కాగితం విప్పి జెండాని ఎదురుగా ఉన్న టీ బల్ల పొడుగునా పరిచాడు. వెలిసిన నూలుగుడ్డ, అక్కడక్కడా టీ మరకలాంటి మరకలు, అంచులు నల్లగా కాలిన గుండ్రటి చిల్లులు.

"లెక్కపెట్టుకోండి. ఇలాంటివి చూసిన కళ్ళు నావి. అందుకే అమ్మడూ, సంచి ఇలా ఇచ్చి నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకో."

చెయ్యి చాపాడు. దర్జీ సంచి ఇవ్వలేదు. దాన్ని పిన్ని చేతిలో పెట్టి, తాత జెండా మీదికి వంగింది. చిల్లులు పదహారే ఉన్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ కాజాలు కుట్టేవాళ్ళ కన్ను అది. వరసకి నాలుగు, నాలుగు వరసలు. ఒక చిల్లు అంచుకి ఎంత దూరంలో ఉందో, దాని ఎదుటిది అవతలి అంచుకి అంతే దూరం.

"తాతగారూ, ఓసారి మడతపెట్టి చూడనా?"

"పెట్టమ్మా, యాభై ఏళ్ళ నాటిది, మెల్లగా."

ఆమె జెండాని నిలువునా సగానికి మడిచింది. పైనున్న ఎనిమిది చిల్లులు కింద ఎనిమిదింటి మీద సరిగ్గా కూర్చున్నాయి. అడ్డంగా మడిచింది, నాలుగు. గుడ్డకి ముందే ఉన్న గీతల వెంట ఇంకో మడత, రెండు. ఇంకొకటి, ఒక్కటే. ఆమె పెన్సిలు తీసి ఆ ఒక్క చిల్లులోంచి దూర్చింది. కొస అవతల బయటికొచ్చింది.



"మేమూ ఇంతేనండీ" అంది దర్జీ, తప్పు తనదే అయినట్టు నెమ్మదిగా. "ఒకే కొలతవి చాలా కావాలంటే గుడ్డ మడతలేసి ఒక్కసారే కానిస్తాం. మీరు మేకు కాల్చి గుచ్చినట్టున్నారు."

తాత టీ తాగాడు. గ్లాసు ఖాళీ అయినా ఇంకో రెండు గుక్కలు తాగాడు. "అది" అన్నాడు, "అది చెప్పడం మర్చిపోయా. తిరిగొచ్చేటప్పుడు జెండా మడతపెట్టి ఇదిగో ఈ గుండె జేబులో పెట్టుకున్నా. అప్పుడొచ్చింది గుండు. ఒక్కటే. మడత కాబట్టి పదహారు."

"జెండాలోంచి దూసుకుపోయిందా?" అంది పిన్ని.

"దూసుకుపోయింది."

"జేబు వెనక నువ్వే కదయ్యా ఉంటివి. నీ చిల్లేది?"

పోస్టుమాన్‌కి పొలమారింది. తాత చెయ్యి తనకి తెలీకుండానే గుండె మీదికి వెళ్ళి, అక్కడ ఏమీ లేదని చూసుకుని, కిందికి దిగింది.

దర్జీ, పిన్ని దగ్గర్నుంచి సంచి తీసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నారంతా. ఆమె బల్ల తుడిచి, తాత జెండాని పక్కకి జరిపి, నాన్న జెండాని ఆ చోట పరిచింది.

"రెండ్రోజులెందుకు తాతగారూ, ఇక్కడే చూడండి. మేమందరం చూస్తుంటాం."

తాత కళ్ళజోడు తీశాడు. ఇన్నేళ్ళలో ఆయనకి కళ్ళజోడు ఉందన్న సంగతే అక్కడెవరికీ తెలీదు. వాసన చూడలేదు, దులిపి వినలేదు. కర్రకి కట్టే వైపు మందపాటి పట్టీని పట్టుకుని చూశాడు. గాలికి కొట్టుకునే వైపు పీలికలైన అంచుని వేళ్ళ మధ్య నలిపాడు. కుట్టుమడత రెండు పోగులు విప్పి, ఎండ తగలని లోపలి రంగుని బయటి రంగు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"చేతికుట్టు" అన్నాడు. "కర్ర మీద ఏడాదికి పైనే ఎగిరింది. అసలైనదే."

మూడు మాటలు, మూడూ పొట్టివి. ఫిరంగి గొంతులోంచి అంత చిన్న చప్పుడు రావడం పిన్ని ఎప్పుడూ వినలేదు. పోస్టుమాన్ తన సంచీలోంచి తెల్లకాగితం, కలం తీసి ముందు పెట్టాడు. తాత రాయడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆగాడు. జెండా మూలన రూపాయంత చిల్లొకటి ఉంది. దాన్ని వేలితో తడిమేసరికి ఆయన కళ్ళు మళ్ళీ వెలిగాయి.

"అమ్మడూ, ఇది ఎలుక కొట్టింది. కానీ తుపాకీ గుండు అని రాశాననుకో, ఎవరూ అడగరు. ధర నాలుగింతలవుతుంది. మీ నాన్న పేరుకి కూడా ఓ దర్జా."

పోస్టుమాన్ పిన్ని వైపు చూశాడు. పిన్ని దర్జీ వైపు చూసింది.

"ఎలుకనే రాయండి తాతగారూ" అంది దర్జీ. "మా నాన్న కూడా ఆ చిల్లు గురించి అడిగినవాళ్ళందరికీ ఎలుక కొట్టిందనే చెప్పాడు."