అంగడి మెట్లు

పక్కింటి కరుప్పుసామి ఇల్లు కాలిపోయిన మూడో నాడు, పీలమేడులో ఆ సందు మొదట్లోని ఇనుప సామాన్ల అంగడిలో భార్యాభర్తలు మాట్లాడుకుంటున్నారు.

“బియ్యం మూట అంపిస్తిని, కప్పుకు రేకులిస్తిని. ఇంకేం కావాలంట వాళ్ళకి?”

“వాళ్ళేమీ అడగలేదండి. నేనే అడుగుతున్నా. సందులోకి జరిపి కట్టిన మన మెట్లు పగలగొట్టించండి.”

“గిరాకీలు ఎట్లెక్కేది?”

“ఆ మెట్లు అడ్డమయ్యే కదా, ఫైర్ బండి లోపలికి రాలేకపోయె!”

“కరుప్పుసామి ఏమన్నా అన్నాడా?”

“రేకులిచ్చినారని దణ్ణం పెట్టినాడు.”

“మరి నీకెందుకే?”

“మన ఇల్లూ ఈ సందులోనే ఉంది. రేపు మనకంటుకుంటే బండి ఎక్కడ నిలుస్తుందో లెక్కేసుకోండి.”

అతను లేచి వెళ్ళి, మెట్లకూ ఎదుటి గోడకూ మధ్య జాగాను అడుగులేసి కొలిచాడు.

“సరి. కట్టిన మేస్త్రీనే పిలువు, పగలగొట్టేస్తాడు.”

“కట్టింది కరుప్పుసామే కదండి.”