పన్నెండు దేశాలు, ఒక గంట

సెమినార్ హాల్లో ఇద్దరే ఉన్నారు: ప్రొఫెసరూ, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయీ. పన్నెండు దేశాల పరిశోధక విద్యార్థుల కోసం పెట్టిన వారం రోజుల స్కూలు ఇంకాసేపట్లో మొదలవుతుంది.

"అది కాదు సార్, నా మూడో చాప్టరు..."

"చూద్దాం తల్లీ, చూద్దాం. ముందు ఆ ప్లగ్గుల సంగతి చూడు. ఒక్కో దేశానిది ఒక్కో ఆకారం. మన గోడకి ఒక్కటీ పట్టి చావదు."

"అడాప్టర్లు తెచ్చాను సార్. ఈ నెలాఖరుకి థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. మీరు చదవందే ఇవ్వలేను..."

"చదువుతాను. ఎందుకు చదవను? మరి బ్యాడ్జీలు?"

"సర్దేశాను. పోయినేడాది కూడా ఇదే మాటన్నారు సార్."

"పోయినేడాది స్కూలుంది కదమ్మా."

"ఈ ఏడాదీ ఉంది సార్."

"నిజమే. నా బతుకు చూడు. లెక్కలొచ్చినవాణ్ణని పిలిచి ఉద్యోగమిస్తే, కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాను. నిన్న మా ఆవిడ అడిగేసింది, 'మీరు ప్రొఫెసరా, టెంట్ హౌసు ఓనరా?' అని."

"మీరేమన్నారు?"

"టెంట్ హౌసు వాడికి మైకు పనిచేయించడమైనా వచ్చన్నాను. హలో... హలో... చూశావా? ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"స్విచ్చి వెయ్యలేదు సార్."

"ఓ! నా మొహంలా ఉంది. సరే, నా ప్రారంభోపన్యాసం ఓసారి విను. 'ఇక్కడ ప్రతి విద్యార్థికీ ఒక ప్రొఫెసరుతో ఒక గంట. ఆ ప్రొఫెసరు విద్యార్థి రాసింది ముందే చదివి రావాలి. ఫోను కట్టేసి కూర్చోవాలి. అడ్డు రాకుండా వినాలి...'"

"సార్, ఒక్క మాట..."

"ఉండమ్మా, అడ్డురాకు. '...అదే మన స్కూలు ప్రాణం.' ఎలా ఉంది?"

"ఏడుపొస్తోంది సార్."

"వస్తుంది మరి! కిందటేడు ఒకమ్మాయి నిజంగానే ఏడ్చేసింది. వాళ్ళ గైడు ఆమెతో మాట్లాడి ఆర్నెల్లయిందట. ఏం మనుషులో! పిల్లల్ని చేర్చుకుని గాలికొదిలేస్తారు. ఏంటలా చూస్తావ్?"

"ఏం లేదు సార్. మైకిటివ్వండి."

"అన్నట్టు, నా గంటకి రావాల్సిన కుర్రాడికి వీసా రాలేదన్నావు కదూ? బతికిపోయాను. నాలుగింటికి కాస్త నడుం వాలుస్తా."

"ఖాళీ లేదు సార్. ఆ గంట వేరేవాళ్ళకిచ్చేశాను."

"అయ్యో! నన్నడక్కుండానే?"

"అడిగాను సార్. మీరు పూలకుండీలు ఎటు పెట్టాలో చూస్తూ సరే అన్నారు."

"అనే ఉంటాను. ఎవర్నీ కాదనలేను, అదే నా ఖర్మ. మరి రాసింది పంపారా?"

"ఎప్పుడో. మీ టేబుల్ మీదే ఉంది, కాఫీ ఫ్లాస్కు కింద."

"సరే, మధ్యాహ్నం కూర్చుని మొత్తం చదివేస్తా. పాపం, అంత దూరం నుంచి వచ్చినవాళ్ళ ఉసురు మనకెందుకు? ఇంతకీ ఏ దేశం?"

"మీ పక్క గది సార్. మూడో చాప్టరు."