తదితరులు

పాత పత్రికల్లో ఒక్కో మాటనూ ఎలా వాడారో చూసి, నిఘంటువు కోసం చీటీల మీద ఎక్కించడం ఆమె ఉద్యోగం. ఈ వారం "తదితరులు" వంతు వచ్చింది. ఆ వార్తలు ఒకప్పుడు తన చేత్తో రాసిన బాబాయినే గ్రంథాలయానికి పట్టుకొచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"‘సభలో అధ్యక్షుడు, కార్యదర్శి, తదితరులు పాల్గొన్నారు.’ ఎవరు బాబాయ్ ఈ తదితరులు?"

"ఆ రోజు కుండపోత వాన. నేనూ, ఫొటోలు తీసేవాడూ."

"‘మంటల్లో కుట్టుమిషను, మంచం తదితరాలు కాలిపోయాయి.’"

"మిగతావి చెప్పబోతూ ఆ ఇల్లాలు ఏడుపందుకుంది. ఇక అడగబుద్ధి కాలేదు."

"‘వరదలో చిక్కుకున్న పన్నెండు మందిని పడవ యజమాని, తదితరులు ఒడ్డుకు చేర్చారు.’ వీళ్ళెంతమంది?"

బాబాయి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఒక్కడే. మీ నాన్న."

"నాన్న ఈ సంగతి చెప్పినప్పుడల్లా కోతలు కోస్తున్నాడనుకున్నాం బాబాయ్. పేపర్లో పేరేదీ అని అమ్మ కూడా నవ్వేది."

"సొంత అన్న పేరు నేనే వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"నాన్న నిన్ను అడగలేదా?"

"అడగలేదు. ఆ పేపరు మాత్రం పోయేదాకా దిండు కిందే పెట్టుకున్నాడు."

ఆమె చీటీ మీద అర్థం రాసే చోట ఏదో రాసింది. బాబాయి మెడ సాచి చూశాడు.

"‘మా నాన్న’ అనా? నిఘంటువులో అలా కుదరదమ్మా. చెరిపెయ్."

"పెన్నుతో రాశాను."

"అయితే పక్కన పేరు కూడా రాయి."