తలకింద సంచి

కనకమామిడి శివారులో ఓ ముసలమ్మ చెలకలో కొన్ని జీడిమామిడి చెట్లున్నాయి. 1942 ఎండాకాలం. పట్నం నుంచి బండి కట్టుకొని వచ్చిన బేరగాడు వాటి నీడలో కునుకు తీసి లేచాడు.

“అవ్వా, పండ్లన్నీ గంపలకెత్తిన. ఇగ పోయొస్త.”

“గింజలు?”

“ఎప్పటి లెక్కనే తెంపి సంచిల పోసిన. ఊరవతల పారేస్త. అవి విషం గద.”

“నిరుడు ఒకటి కొరికితే నా మూతంత పొక్కింది. గందుకే నీ మాట నమ్మిన.”

“మరింకేంది?”

“గా విషం సంచిని తలకింద పెట్టుకొని ఎందుకు పండుకున్నవ్?”

“దిండు లేక పెట్టుకున్న అవ్వా.”

“పొద్దుగూకేసరికి పండ్లు కుళ్లుతయని ఏటేటా ధర కోస్తవ్. గా పండ్ల గంపలను ఎండల ఇడిసినవ్. సంచిని మాత్రం నీడకు తెచ్చుకున్నవ్.”

“నీకన్నీ అనుమానాలే.”

“నా అనుమానం మొన్ననే తీరింది. నాలుగు గింజలు పొయ్యిల ఏసి మాడ్చిన. పెంకు పలగ్గొట్టి లోపలి పప్పు తిన్న. మూతి పొక్కలే.”

బేరగాడు చూపు తిప్పుకొని ఎడ్ల పలుపు విప్పబోయాడు.

“జర ఆగు బిడ్డా. ఈ ఏడు పండ్లు ఊకెనే తీస్కపో. సంచి ఈడ దించు. విషం నా ఇంట్లనే ఉండనియ్యి.”