ఎవరూ తీయలేని తాళం

లిఫ్టు బాబాయ్ సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టి కళ్లజోడు తీశాడంటే, ఆ పూట ఇక ఎవరి పనులూ సాగవని వీధిలో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ లేవరు. ఆ రోజైతే సైకిల్ మెకానిక్ తనంతట తనే వచ్చి, చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ ఆయనకెదురుగా కూర్చున్నాడు.

అతనికి కోతలు వినే ఓపికేమీ లేదు. పక్క రాష్ట్రంలో గాలిమరలు బాగుచేసే కంపెనీ ఒకటి పని నేర్పి ఉద్యోగమిస్తామంది. వస్తాడో రాడో సాయంత్రం ఐదింటిలోపు ఫోన్ చేసి చెప్పాలి. కూతురికి పదకొండు నెలలు, ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నిలబడుతోంది. "నువ్వెలా అంటే అలాగే" అనేసింది భార్య. ఆ మాటతో బరువంతా అతని మీదే పడింది. పెళ్లాం పిల్లలతో ఇంకో రాష్ట్రం వెళ్లి, కొత్త పని నేర్చుకుని నెగ్గుకొచ్చినవాడు ఆ వీధిలో లిఫ్టు బాబాయ్ ఒక్కడే. ఆయన ఒకప్పుడు ఇక్కడే తాళాలు బాగుచేసేవాడు. ముప్పై ఏళ్లు అక్కడ లిఫ్టులు బాగుచేసి, రిటైరై, రెండేళ్ల కిందటే తిరిగొచ్చాడు.

"బాబాయ్, మీరు వెళ్లినప్పుడు ఎలా జరిగింది? ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నాడు మెకానిక్.

ఉన్నదున్నట్టు అనే మాట వినగానే టీ కొట్టు అక్క నవ్వాపుకుంటూ పాలగిన్నె వైపు తిరిగింది.

"చెప్పడానికేముందిరా అబ్బాయ్" అని వినయంగానే మొదలెట్టాడు బాబాయ్. "పొద్దున ఆరింటికి లారీ వచ్చింది, ఎనిమిదికల్లా ఇల్లు ఖాళీ. పిల్లాడికి మూడేళ్లు, పాప చంటిది, అందుకని మీ పిన్నిని వేలు కదపనివ్వలేదు, అంతా నేనొక్కడినే సర్దాను. బీరువా దగ్గరే వచ్చింది చిక్కు. గుమ్మంలో ఇరుక్కుంది. నలుగురు కూలీలు చేతులెత్తేశారు. నేనేం చేశాను, దాన్ని వీపుకెత్తుకుని మేడమెట్లు దిగిపోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కింద పెట్టి తలుపు తీస్తే, పై అరలో చీరల మధ్య మా పిల్లాడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మెలకువైనా రాలేదు వెధవకి!"

"గుమ్మంలో ఇరుక్కున్నది నీ వీపెక్కగానే సన్నబడిపోయిందా బాబాయ్?" అంది అక్క.

"నువ్వు టీ సంగతి చూడమ్మా, బీరువా సంగతి నేను చూసుకుంటాను. ఆ, ఎక్కడున్నాం? లారీ. కొండ ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. దిగి, భుజం ఆనించి తోశాను. కాసేపటికి డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి దండాలు, 'సార్, కాస్త నెమ్మదిగా తోయండి, మలుపుల్లో స్టీరింగు తిప్పడానికి టైము చాలడం లేదు!' అని. అక్కణ్ణుంచి సరిహద్దు. గేటుకి గుమ్మడికాయంత తాళం. తాళంచెవి ఎక్కడో పోయిందట, మూడు రోజుల్నుంచి ఎక్కడి లారీలు అక్కడే. నేను దాని దగ్గరికెళ్లి గొంతు సవరించుకున్నాను, అంతే! తాళం ఊడి కిందపడింది. 'మీరొస్తారని ముందే తెలిస్తే గేటే పెట్టేవాళ్లం కాదు' అన్నాడు ఆఫీసరు."

పక్కబెంచీ మీద టైలరు చొక్కాకి కాజాలు కుట్టడం మానేసి, సూది గాల్లో పట్టుకుని వింటున్నాడు. మెకానిక్ మాత్రం గోడ గడియారం వైపు చూశాడు. నాలుగుంపావు.

"అది సరే బాబాయ్. వెళ్లిన మొదటి రోజు? తెలిసినవాళ్లు లేరు, భాష రాదు. పాప ఏడవలేదా? మీకు భయం వెయ్యలేదా?"

"భయమా? మా ఇంటా వంటా లేదు! దిగిన గంటకే వాళ్ల భాషలో వాళ్ల తప్పులు దిద్దాను. మర్నాడు పనిలోకి వెళ్తే నలభై అంతస్తుల మేడ, మధ్యలో ఆగిపోయిన లిఫ్టు, లోపల ముప్పైమంది. సామాను రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. పైకెక్కి, తాడు చేత్తో పట్టుకుని, ఆ మూడు రోజులూ లిఫ్టుని నేనే పైకీ కిందకీ లాగాను. ఎక్కినవాళ్లకి అనుమానమే రాలేదు. భోజనం ఎడమచేత్తో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సామాను వచ్చాక బిగించి మీట నొక్కాను. ఆ ఊపుకి లిఫ్టు కప్పు దాటి వెళ్లి మబ్బులో ఆగింది. తలుపు తెరుచుకుంటే ఒకాయన మబ్బు మీదకి దిగి, 'నలభై ఒకటో అంతస్తు ఎప్పుడు కట్టారండీ?' అని అడిగాడు!"

టైలరు పగలబడి నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు. ఇవన్నీ కోతలని అతనికీ తెలుసు. కానీ పదోవంతు నిజమైనా అంత ధైర్యం తన దగ్గర లేదు. చంటిపిల్లని తీసుకుని తెలియని ఊళ్లో తాళం తీసి గదిలో అడుగుపెట్టడం తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.

అతను లేచి జేబులోంచి ఫోన్ తీశాడు. "నా వల్ల కాదులే అక్కా. దానికి బాబాయ్ లాంటి గుండె ఉండాలి. రానని చెప్పేస్తాను."



"ఆ ఫోన్ ఆపరా" అని వెనకనుంచి వినబడింది. కూరగాయల సంచీతో పిన్ని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతవరకు విన్నదో. "ఏమండీ, మబ్బులదాకా వెళ్లారు గానీ, ట్రంకుపెట్టె సంగతి చెప్పారా?"

"అదిప్పుడెందుకే..."

"నేను చెప్తాను. నలుగురు కూలీలూ లేరు, బీరువా అసలే లేదు. మాకున్నవి రెండు ట్రంకుపెట్టెలు. పాప బట్టలు, పాలసీసా, అన్నీ పెద్ద పెట్టెలో. దానికి ఈయన సొంతంగా చేసిన తాళం. 'దీన్ని ఎవరూ తీయలేరు' అని వీధంతా చూపించుకున్నారు. తాళంచెవి ఎక్కడా పోకూడదని పనిముట్ల డబ్బాలో వేశారు. డబ్బా తీసుకెళ్లి అదే పెట్టెలో పెట్టి, మూతేసి, తాళం నొక్కేశారు."

టైలరు సూది జారి కిందపడింది.

"అక్కడ గది ముందు దిగాం. పాప గుక్కపట్టి ఏడుపు. తాళాలు తీసే మనిషి తన తాళం తీయలేక మెట్ల మీద కూర్చుని, పాపకంటే గట్టిగా ఏడ్చారు. 'ఇంటికి పోదాం పదవే' అని. నాకూ ఏడుపొచ్చింది. అంతలో పైవాటా ముసలావిడ దిగొచ్చింది. మా మాట ఆవిడకి తెలియదు, ఆవిడ మాట మాకు తెలియదు. పెట్టె చుట్టూ తిరిగి చూసి, తాళం జోలికే పోలేదు. ఒక మేకూ సుత్తీ తెచ్చి, వెనకున్న మడతబందుల చీలలు కొట్టేసి, మూత వెనకవైపునుంచి ఎత్తింది."

"మరి వెనక్కి రాలేదేం పిన్నీ?" అన్నాడు మెకానిక్. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

"పాలు పట్టాను, పాప ఏడుపు ఆపింది. పాపని చూసి ఈయనా ఆపారు. మర్నాడు పనిలోకి వెళ్లారు. ఆవిడే మా పిల్లలిద్దర్నీ పెంచింది. ధైర్యం ఎవరికుందిరా? భయపడుతూనే వెళ్లాం."

బాబాయ్ కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఐదుకి పది నిమిషాలుండగా మెకానిక్ నంబరు నొక్కాడు. "వస్తున్నానండీ. భార్యా, పాపా కూడా."

ఫోన్ పెట్టేశాక బాబాయ్ అతని భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్" అన్నాడు మెల్లగా, "తాళంచెవి మాత్రం జేబులో పెట్టుకో."